ఒక మనిషికి ఒక తాడు

భరణి కార్తె, మొదట్లో

కర్రల పందిరికి పడమటి అంచున పట్టా చిరిగింది, కుట్టాను. అక్కల పందిరి మధ్యలో చలువ తగ్గుతోంది, అక్కడ పొర మార్చాలి. మునక పందిరి బాగానే ఉంది.

పట్టాలు బాగుచేసేవాళ్ళు రోజూ ఈ పలక మీద ఇలా రాయాలని నీడ సభ నియమం. రాసింది ఎవరూ చదవరు. కిందటేడు కొన్నాళ్ళు వరసగా పట్టాల ఊసే ఎత్తకుండా నీడ పెద్ద మీసాల గురించి రాశాను, ఎవరూ కిమ్మనలేదు. అందుకని ఈ ఏడు నా ఏడుపంతా ఇక్కడే ఏడవబోతున్నాను.

నా ఏడుపు పేరు అప్పలనరస. కర్ర ఊతంతో నడిచేవాళ్ళదే కర్రల పందిరి, అందులో నా పక్క తాడు దానిదే. ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. అంతే, అంతకు మించి దానికి ఏ లోటూ లేదు. ఈ కొండగట్టు మీదే పుట్టింది, గట్టువాళ్ళ మాటే మాట్లాడుతుంది, ఆడపిల్లగా పుట్టి ఆడదానిగానే పెరిగింది. దాని కాలు చూసి జనం అయ్యో అంటారు. ఆ అయ్యో మొత్తం దానికే దక్కుతుంది. మధ్యలో ఆగి, ముక్కు చిట్లించి, మిగతా సగం మింగేసేవాళ్ళు దానికి తగలరు.

నన్ను చూసినా అయ్యో అనే మొదలుపెడతారు. నా కుడికాలు పుట్టుకతోనే సన్నం, కర్ర లేనిదే అడుగు పడదు. తర్వాత నేను నోరు తెరుస్తాను. సముద్రం మింగేసిన పేటల నుంచి కొండెక్కి వచ్చిన మునక జనం యాస వినపడుతుంది. అయ్యో సగానికి పడిపోతుంది. ఆ తర్వాత నా గొంతూ, నా దవడా, నా చీరా గమనిస్తారు. పుట్టినప్పుడు నన్ను మగపిల్లాడన్నారు. కాదని నాకు ఊహ తెలిసినప్పుడే తెలుసు. నీలాలు అనే పేరు నేనే పెట్టుకున్నాను. అక్కడికి అయ్యో పూర్తిగా అయిపోతుంది, మొహాలు అటు తిరుగుతాయి.

ఒకే లోటు ఉన్నవాళ్ళంటే నాకు కుళ్ళు. ఈ మాట పైకి అంటే నన్ను రాక్షసి అంటారని తెలుసు కాబట్టి పలకకు మాత్రమే చెబుతున్నాను.

భరణి, ఎండ ముదిరాక

ఈ రోజు పట్టాల పని ఏమీ కాలేదు. వడగాలి వచ్చింది.

చలువ పట్టా ఎండను తాగి కిందికి చల్లదనం వదులుతుంది కానీ గాలికి ఆగదు, లేచిపోతుంది. ఒకప్పుడు మరలు లాగి పట్టేవట. దుమ్ముకు అవి పట్టేశాయి, ఇప్పుడు మనుషులం లాగుతున్నాం. శంఖం ఊదగానే ఎవరి తాడు వాళ్ళు పట్టుకోవాలి. మాటిమాటికీ తాడు వదిలేసే మనిషికి ఆ పందిట్లో చోటు పోతుంది. పందిరి లేని మనిషి రోహిణి కార్తెలో ఒక్క మధ్యాహ్నం కూడా గడపలేడు.

నాకు మూడు పందిళ్ళలో మూడు తాళ్ళున్నాయి. పందిళ్ళు మూడూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. శంఖం ఊదగానే మునక పందిట్లో తాడు లాగి గుంజకు చుట్టి, కుంటుకుంటూ కర్రల పందిట్లోకి వెళ్ళి అక్కడ లాగి, ఆ తర్వాత మెట్లెక్కి అక్కల పందిట్లోకి వెళ్ళాలి. పై మెట్టు ఎక్కేసరికి కింద మొదటిది వదులైపోతుంది.

"ఒరే, నీ తాడు వొదులైపోనాది, సూసుకోవేటి?" అని మునక పందిరి పెద్ద ఎర్రయ్య తాత కింది నుంచి కేక వేశాడు. ఒరే అనే అంటాడు.

"వొచ్చేవా తల్లీ? గాలెల్లిపోనాక వొచ్చి ఏటి లాగుతావు?" అని పైన అక్కల పందిరి పెద్ద చంపావతమ్మ చేతులు తిప్పింది.

మధ్యలో నరస. నున్నటి బల్ల మీద కూర్చుని, తన తాడు ఒక చేత్తో, నా తాడు ఇంకో చేత్తో పట్టుకుని నవ్వింది. "మెల్లగా నీలాలూ, పడిపోతావు. నీది నేను పట్టుకున్నానులే" అంది.

దాని మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. సాయం చెయ్యడానికి దానికి తీరిక ఉంది, ఒక చెయ్యి ఖాళీగా ఉంది. నాకూ ఒకే తాడు ఉంటే నేనూ ఎవరి తాడో ఒకటి పట్టుకుని అలా చల్లగా నవ్వేదాన్ని.

ఎక్కడో ఒకచోట ఉండిపోవచ్చు కదా అని అదే ఒకసారి అడిగింది. ఎక్కడుండమంటుంది? మునక పందిట్లో నా మాట ఉంది, మా పాటలున్నాయి, ఎండుచేప కాల్చిన వాసన ఉంది. కానీ నన్ను మగవాళ్ళ వైపు కూర్చోబెట్టి, ఈ పలక మీద నేను రాయని పాత పేరుతో పిలుస్తారు. అక్కల పందిట్లో నన్ను నీలాలూ అని నోరారా పిలుస్తారు, అందరూ నాలాంటివాళ్ళే. కానీ ఆ మెట్లు నా ప్రాణం తోడేస్తాయి, పైకెక్కాక నా నడకను అనుకరించి నవ్వుకుంటారు. కర్రల పందిట్లో మెట్ల బదులు వాలు ఉంది, బల్లలు ఎత్తు తక్కువ, నడక గురించి ఎవరూ మాట్లాడరు. కానీ నేను మునక మనిషిని కాబట్టి మంచినీళ్ళకు నా గ్లాసు నేనే తెచ్చుకోవాలి.

దానికి కారణం మా ముడి. మావాళ్ళు ముడి వేసేటప్పుడు తాడు కొసను నోట్లో పెట్టుకుని తడుపుతారు. తడిసిన ముడి ఆరాక బిగుసుకుని గాలికి జారదు. అది పడవల కాలం నాటి అలవాటు. గట్టువాళ్ళకు అది ఎంగిలి. మా జనం కొండెక్కిన కొత్తలో మా తాళ్ళను కర్రలతో ఎత్తి అవతల పారేశారని చెబుతారు. కర్రల పందిట్లో నేను తాడు పట్టుకున్నప్పుడల్లా ఇప్పటికీ నా నోటి వంకే చూస్తుంటారు.

ప్రతి పందిరి గుమ్మంలోనూ నాలో కొంత బయట వదిలి లోపలికి వెళ్ళాలి. నరస మొత్తంగా వెళ్ళి మొత్తంగా కూర్చుంటుంది.

కృత్తిక ప్రవేశించిన రోజు

నీడ పెద్ద లింగరాజు గారు మూడు పందిళ్ళ మధ్య ఖాళీలో గొడుగు కింద నిలబడి చాటింపు వేశారు.

"కొత్త పట్టాలు రావు. ఉన్నవాటికి చలువ చాలటం లేదు. ఇక మీదట ఒక మనిషికి ఒక తాడు. రోహిణి మొదటి రోజు పొద్దున్నే ఎవరి తాడు దగ్గర వాళ్ళు నిలబడాలి. ఒకటికి మించి ఉన్నవాళ్ళు ఒకటి ఉంచుకుని మిగతావి వదిలెయ్యాలి. అది కూడా ఆ పందిరి పెద్ద సరే అంటేనే. ఎవరూ సరే అనకపోతే దిగువ బండి ఎక్కాలి."

దిగువ అంటే కొండ కింద బయలు. అక్కడ నీడ లేదు. కిందటి వేసవిలో బండెక్కినవాళ్ళ నుంచి ఇంతవరకూ ఒక్క కబురు కూడా రాలేదు.

పాత నియమాలు కూడా మళ్ళీ చదివారు. పుట్టుక దాచి తాడు పట్టిన మనిషి తాడు పోతుంది. తోబుట్టువులైతే ఒక తాడు కింద ఇద్దరు ఉండొచ్చు, కానీ వాళ్ళ జనం పెద్ద అవునని చెప్పాలి. నాకు తోబుట్టువులు లేరు కాబట్టి ఆ మాట మీద నేను పెద్దగా మనసు పెట్టలేదు.

లింగరాజు గారు వెళ్తూ వెళ్తూ నరస బల్ల దగ్గర ఆగారు. "మీకేం బెంగ లేదమ్మా" అన్నారు. నా కళ్ళు కుట్టాయి. ఒక మనిషికి ఒక తాడు అన్న నియమం దానికి కొలతలు తీసి కుట్టించినట్టుంది.

కృత్తిక, మర్నాడు

పొద్దున్నే ఎర్రయ్య తాత దగ్గరికి వెళ్ళాను. వల అల్లుతున్నాడు. చేపల్లేని కొండ మీద ఆ వల దేనికో నేను అడగను.

"తాడు నీకుంది. మీ అయ్య పట్టిన తాడది, నాను కాదంటానేటి?" అన్నాడు. "ఆ సీర తీసీ. జుట్టు కత్తిరించీ. నీ పేరెట్టి పిలిస్తే పలుకు. మగోళ్ళ వైపు కూకో. అంతే."

"అది నా పేరు కాదు తాతా."

"మరైతే ఆ అక్కల కాడికెల్లు. నీకేటి, మూడు పందిళ్ళున్నాయి."

మెట్లెక్కి చంపావతమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నాకు మొదటి చీర కట్టిన మనిషి. తల నిమిరింది, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. "మాకు పట్టా సిన్నది, మనుషులెక్కువ. గాలొస్తే ఉరికి లాగేవోళ్ళు గావాల. నువ్వు మెట్లెక్కేసరికే గాలి పట్టా పీకీస్తాది. నీకు కర్రలోళ్ళున్నారు గదే, మునకోళ్ళున్నారు. ఈ పిల్లగుంటలకి నాను తప్ప ఎవురున్నారు? నీకేటి తల్లీ, మూడు పందిళ్ళు."

ఇక మిగిలింది కర్రల పందిరి. అక్కడి పెద్ద గవర్రాజు గారు మర్యాదస్తుడు, సభ పెట్టి అడుగుతాను అన్నారు. కర్రల పందిట్లో సరే అనేవాళ్ళు తమ కర్ర పైకెత్తుతారు. నాకు అప్పటికీ ఆశ ఉంది, ఎందుకంటే నరస కర్ర ఎత్తితే సగం పందిరి దాని వెనకే ఎత్తుతుంది. దాని మాటకు అంత విలువ.

అది కర్ర ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. అక్కడక్కడ లేవబోయిన కర్రలు దాన్ని చూసి మళ్ళీ దిగిపోయాయి.

"మీకు మీవాళ్ళ పందిళ్ళు రెండున్నాయి కదమ్మా, మాకు ఇదొక్కటే" అన్నారు గవర్రాజు గారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందరూ కలిసి నన్ను బండెక్కిస్తున్నారు, అంతే.

నన్ను చూసి కూడా కుళ్ళుకుంటున్నారని ఈ రోజే తెలిసింది. మూడు పందిళ్ళట నాకు! ఆ కుళ్ళు చాలక, నా తాడు పట్టుకుని నవ్విన నరస నా కోసం ఒక కర్ర ఎత్తలేకపోయింది. ఇంతకాలం దాన్ని చూసి కుళ్ళుకున్నాను, ఈ రోజు నుంచి అసహ్యించుకుంటున్నాను.

కృత్తిక, పెద్దగాలి వచ్చిన రోజు

ఈ రోజు ఒకటి చూశాను.

పట్టాలు ముందు రాస్తాను. కర్రల పందిరి పడమటి అంచు మళ్ళీ చిరిగింది, నేను కుట్టినచోటే. మునక పందిట్లో ఒక గుంజ ఒరిగింది. అక్కల పందిరికి ఏమీ కాలేదు.

శంఖం ఊదేసరికి నేను కర్రల పందిట్లో ఉన్నాను. మిగతా రెండు తాళ్ళు దేవుడికి వదిలేసి అక్కడే లాగాను. దుమ్ము కమ్మేసి ఎవరికి ఎవరూ కనపడటం లేదు. ఇంతలో నరస తాడు మధ్యకు తెగింది. పట్టా అంచు లేచి దాని నెత్తి మీద టపటపా కొట్టుకుంటోంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనపడింది.

నరస తెగిన రెండు కొసలు దొరకబుచ్చుకుంది. ఒక కొస నోట్లో పెట్టుకుంది. తడిపింది. బొటనవేలు మీదుగా చుట్టి, పళ్ళతో లాగి, ఒక్క గుంజు గుంజింది. మా అయ్య అలాగే వేసేవాడు. మునక పందిట్లో చిన్నపిల్లలు కూడా అలాగే వేస్తారు. గట్టు మీద పుట్టిన మనిషి చచ్చినా తాడు నోట్లో పెట్టుకోదు, ఆ ముడి వేసే తీరు ఒకరు చూపించకపోతే రాదు.

అది తలెత్తి నన్ను చూసింది. నా మొహం చూడగానే దానికి అర్థమైపోయింది. చీర కొంగుతో ముడిని కప్పేసింది.

కృత్తిక, ఆ తర్వాత

నాకు సంతోషంగా ఉంది. ఎందుకు దాచాలి, చాలా సంతోషంగా ఉంది. నరసకు ఒకటి కాదు, రెండు! పొద్దున లేవగానే ఆ మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మధ్యాహ్నానికి ఆ సంతోషం చెడిపోయింది. దానికి రెండున్నా ఒకటి దాచుకోగలిగింది. నేనేం దాచుకోను? కాలు దాస్తే నడక చెబుతుంది, నడక ఆపితే యాస చెబుతుంది, నోరు మూసుకుంటే దవడ చెబుతుంది. లోటు ఒకటే అని కాదు, దాచే వీలు కూడా దానికే దొరికిందని మళ్ళీ కడుపు రగిలిపోయింది. కుళ్ళు ఒకచోట ఆరితే ఇంకోచోట అంటుకుంటుంది నాకు.

సాయంత్రం లింగరాజు గారి ఇంటికి వెళ్ళాను. పుట్టుక దాచిన మనిషి తాడు పోతుంది. పోయిన తాడు కర్రల పందిట్లో ఖాళీ అవుతుంది. లెక్క తేలిగ్గానే ఉంది.

మునక మనుషులు ఆయన గుమ్మం తొక్కకూడదు. బయట ఎండలో నిలబడి పిలిచాను. ఆయన లోపల ఉయ్యాల బల్ల మీద నుంచే, "ఏమిటి, తాడు గురించా? నేను చేసేదేముంది? ఆ అప్పలనరసమ్మను చూసి నేర్చుకోండి. పాపం అంత కష్టంలోనూ ఎంత పద్ధతైన మనిషి! మీరంతా గోల పెడతారు, ఆవిడ నోరెత్తదు" అన్నారు.

ఆ మాటకు చెప్పేద్దామని నోరు తెరిచాను. గుమ్మం బయట నా పక్కన నరస నిలబడి ఉన్నట్టు అనిపించింది. ఒంటికాలి మీద, కర్ర ఆనుకుని, ఎండకు కళ్ళు చికిలించుకుని. అది అలా నిలబడితే చూడాలనే వచ్చాను. తీరా ఊహించుకుంటే నాకే బాగోలేదు.

"పడమటి అంచుకు కొత్త దారం కావాలండీ" అని చెప్పి వచ్చేశాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. కుళ్ళుకోవడం కూడా సరిగ్గా చేతకాలేదు నాకు.

కృత్తిక, చివర్లో

పట్టా కుడుతుంటే నరస కర్ర చప్పుడు వినపడింది. తలెత్తలేదు. వచ్చి నా ఎదురుగా నేల మీద కూలబడింది.

"చెప్పావా?" అంది.

"చెప్పలేదు. చెప్పడానికి వెళ్ళాను."

"తెలుసు. నువ్వు వెళ్తుంటే చూశాను." కాసేపు పట్టా అంచు సవరిస్తూ కూర్చుంది. ఆ తర్వాత దాని నోట్లోంచి గట్టు మాట జారిపోయి, నా చిన్నప్పటి మాట బయటికొచ్చింది. "సిన్నప్పుడే వొచ్చీసినాను నీలాలూ. పడవకీ బండకీ మద్దిన కాలు నలిగిపోనాది. అమ్మా అయ్యా ఏటయిపోనారో తెల్దు. గట్టోళ్ళ ముసలాయనొకడు ఎత్తుకెల్లి పెంచినాడు. మీ మాట మాటాడకు, తాడు నోట్లో ఎట్టకు, బతకనియ్యరు అన్నాడు. ఆయన పోయినాడు గానీ ఆ బయం పోలేదు."

"ఆరోజు కర్రెందుకు ఎత్తనేదు?" అన్నాను. ఎంత కోపంగా అనాలనుకున్నానో అంత కోపం రాలేదు.

"బయమేసింది. మునకదాని కోసం కర్రెత్తితే నా మొకం సూసి కనిపెట్టీస్తారనుకున్నాను."

"నాకు నీ మీద కుళ్ళు" అన్నాను. ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్న మాట. "నువ్వు కూకున్న బల్ల మీద కుళ్ళు. నీ నవ్వు మీద కుళ్ళు. నిన్ను సూసి జనం అయ్యో అంటారు సూడు, దాని మీద కుళ్ళు."

అది నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "నాకూ నీ మీద కుళ్ళే" అంది.

"నా మీదా?"

"నీ మీదే. సాయంత్రం మునకోళ్ళు దరువేసి పాడతన్నప్పుడు కర్ర కొట్టుకుంటా ఎల్లి కూకుంటావు. తిడతారు, పాత పేరెట్టి పిలుస్తారు, అయినా కూకుంటావు. నాను పక్క పందిట్లో కూకుని ఇంటాను. ఆ పాట నాకూ వొచ్చు. పెదాలు కదిపితే ఎవురు సూస్తారోనని నోరు గట్టిగా మూసుకుంటాను. నిన్ను తిట్టినోళ్ళు నిన్నే తిడతన్నారు. నన్ను మెచ్చుకున్నోళ్ళు ఎవుర్ని మెచ్చుకుంటన్నారో నాకు తెల్దు."

నాకు మొదట కోపమే వచ్చింది. ఈ లోకంలో పూర్తిగా నాదే అనుకున్నది నా కుళ్ళొక్కటే, అందులో కూడా వాటాకొచ్చింది. కానీ అది అలా నేల మీద కూర్చుని, మా యాసలో, మా అమ్మ మాట్లాడినట్టు మాట్లాడుతుంటే ఇంకా వినాలనిపించింది. ఏ పాట అని అడిగాను. నోరు విప్పకుండా, ముక్కుతో, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా పాడింది. నాలుగో చరణం నాకు రాదు, దానికి వచ్చు. దానికి కూడా కుళ్ళుకున్నాను.

వెళ్ళేముందు, "రోయిణి నాడు ఏటి సేస్తావు?" అని అడిగింది.

"బండెక్కుతాను. ఆ పేరుకి పలకను."

అది కర్ర ఊతంతో లేచి వెళ్ళిపోయింది.

రోహిణి, మొదటి రోజు

పట్టాల సంగతి ఈ రోజు రాయను.

పొద్దున్నే బండి వచ్చి ఆగింది. మూడు పందిళ్ళవాళ్ళూ తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. నేను మధ్య ఖాళీలో మూట పెట్టుకుని నిలబడ్డాను. లింగరాజు గారు గొడుగు కింద నుంచి నా పాత పేరు పిలిచారు. నేను పలకలేదు. మళ్ళీ పిలిచారు. ఎర్రయ్య తాత తన తాడు దగ్గర నుంచి నన్నే చూస్తున్నాడు. ఒక్కసారి ఊఁ అంటే చాలు, నీడలోకి రానిస్తాడు. నాకు భయంగా ఉంది. కర్రను రెండు చేతులతో పట్టుకున్నాను. అయినా ఊఁ అనలేదు.

"సరే, బండి" అన్నారు లింగరాజు గారు.

"ఆగండి" అని నరస గొంతు వినపడింది. బల్ల మీద నుంచి లేచి నిలబడింది. "నీలాలు నా చెల్లెలు. నా తాడు కింద ఇద్దరం ఉంటాం."

లింగరాజు గారు నవ్వారు. "జాలి ఉండొచ్చమ్మా, కానీ ఇదేం మాట? గట్టు మీద పుట్టిన మీకు మునక మనిషి చెల్లెలెలా అవుతుంది? అయినా చెల్లెలేమిటి, పుట్టుక ప్రకారం తమ్ముడు కదా?"

తమ్ముడని ఒప్పుకుంటే ఆ ఒక్క చిక్కయినా తగ్గేది. ఒప్పుకుంటుందనే నేనూ అనుకున్నాను.

"నాను గట్టుదాన్ని కాదు బాబూ" అంది నరస. అంత మంది ముందు, గట్టిగా, యాస ఎక్కడా దాచకుండా. "నాను మునకదాన్నే. ఇది నా సెల్లి. తమ్ముడు కాదు, సెల్లి. నా మాట అబద్దమైతే ఈ ముడి సూడండి." తెగిన చోట తాను వేసిన ముడి మీద నుంచి కొంగు తీసేసింది.

కర్రల పందిరి మొత్తం దాని చుట్టూ ఖాళీ అయిపోయింది. నిన్నటిదాకా దానికి గంజి తెచ్చినవాళ్ళే ఆ తాడు వంక చూసి చేతులు చీర కుచ్చిళ్ళకు తుడుచుకున్నారు. గవర్రాజు గారు తల దించుకున్నారు.

"పుట్టుక దాచినందుకు మీ తాడు పోతుంది. తెలుసు కదా?" అన్నారు లింగరాజు గారు. మీరు అనడం మాత్రం అలవాటు కొద్దీ మానలేదు.

"తెలుసు."

తెలిసే లేచింది. నేను గుమ్మం బయట నిలబడి చెయ్యబోయి మానేసిన పని, అది తన చేతులతో తానే చేసుకుంది. నా పక్కకొచ్చి ఎండలో నిలబడింది. అప్పుడు కూడా నాకు ముందు వచ్చింది కుళ్ళే. ఆ ధైర్యం నాకు రాకుండా దానికెందుకు వచ్చింది అనిపించింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

లింగరాజు గారు ఎర్రయ్య తాత వైపు తిరిగారు. "మీ జనమేనా ఇద్దరూ? అక్కచెల్లెళ్ళేనా? మీరు చెప్పాలి."

తాత తన తాడు గుంజకు చుట్టి వచ్చాడు. నా వైపు చూడలేదు. నరస మొహం వైపే చూశాడు. ముడి దగ్గరికెళ్ళి వేలితో నొక్కి చూశాడు. "మీ అయ్య ఏ పేట?" అని అడిగాడు.

"తెల్దు తాతా. పడవ మీద పచ్చ రంగు గీత గేపకం."

తాత ముడి మీద నుంచి వేలు తియ్యలేదు. సముద్రం పట్టుకెళ్ళిన పిల్లల్ని లెక్కేసుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో, అందులో ఒకతె ఒంటికాలి మీద ఎదురుగా నిలబడి ఉంది. దాన్ని దిగువకు పంపలేడు. దాన్ని ఉంచుకోవాలంటే అది అన్న మాట మొత్తం ఒప్పుకోవాలి.

"అప్పసెల్లెళ్ళే" అన్నాడు లింగరాజు గారితో. మావాళ్ళు అక్కను అప్ప అంటారు. "ఇద్దరూ మా పేటోళ్ళే. మా పందిట్లో ఆళ్ళ అయ్య తాడుంది. దాని కింద ఉంటారు."

నా కోసం అనలేదు, దాని కోసం అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. బండి ఖాళీగా కొండ దిగిపోయింది.

రోహిణి, నడిమధ్య

మునక పందిరి ఒరిగిన గుంజ నిలబెట్టాను. మిగతాదంతా బాగానే ఉంది.

అప్పసెల్లెళ్ళు కాబట్టి ఇద్దర్నీ ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టారు. పుట్టి బుద్ధెరిగాక ఈ పందిట్లో ఇటువైపు కూర్చోవడం నాకు ఇదే మొదలు. ముసలమ్మలు నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చుకుంటూ మొదట కాస్త పక్కకు జరిగారు. ఆ తర్వాత చోటు చాలక మళ్ళీ ఇటే జరిగారు. తాతకు నన్ను నీలాలు అనడానికి ఇంకా నోరు రాలేదు. పాత పేరు అనడానికీ వీల్లేదు. అందుకని "ఒలే, నరస సెల్లీ!" అని కేకేస్తాడు. నేను పలుకుతున్నాను.

మెట్లెక్కి అక్కల దగ్గరికి వెళ్ళడం కుదరదు. చంపావతమ్మ పై నుంచి చెయ్యి ఊపుతుంది. ఇక్కడ బల్లలు లేవు, నేల మీద కూర్చుంటే లేవడానికి నాకూ నరసకూ ఒకరి భుజం ఒకరికి కావాలి. కర్రల పందిట్లో నున్నటి బల్లను తలుచుకుని అది అప్పుడప్పుడు నిట్టూరుస్తుంది. దానికి పోయింది నాకంటే ఎక్కువే.

అయినా నా ఏడుపు నాకుంది. పందిరి మొత్తం దాన్నే ముద్దు చేస్తోంది. పోయిన పిల్ల దొరికిందట! పాట పాడమని అడుగుతారు, నాలుగో చరణం వచ్చని మురిసిపోతారు. ఎండుచేపలో పెద్ద ముక్క దానికి, తోక నాకు. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ పందిట్లోనే కూర్చున్న నన్ను ఒక్కరంటే ఒక్కరు పాట అడగలేదు. ఈ మధ్యాహ్నం ఉండబట్టలేక పోట్లాడాను. గాలి తగిలే వైపు ఎప్పుడూ నువ్వే ఎందుకు కూర్చుంటావు అన్నాను.

"పెద్దదాన్ని, నాను కూకుంటాను. నువ్వు జరుగు" అంది నరస.

"ఎవుల్లే పెద్ద? నువ్వెప్పుడు పుట్టినావో నీకే తెల్దు!"

అది దాని ముక్క కూడా తీసి నా ఆకులో పడేసింది. నాకేం అక్కర్లేదు అని తిరిగి విసిరాను. పక్కనున్న ముసలమ్మ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే, "ఏటా గోల?" అని అడిగింది. ఇంకో ముసలమ్మ తలైనా తిప్పకుండా జవాబిచ్చింది.

"అప్పసెల్లెళ్ళు గదే. కొట్టుకోనీ."